ఫ్రీగా ఇచ్చే ఫ్యాన్ గేమ్‌కి కాపీరైట్ చిక్కులు: మొదలుపెట్టే ముందు నుంచి నోటీసు వచ్చేదాకా ఏం చేయాలి

నరసాపురం రేవులో పంటు (మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పడవ) ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటుతుంటే పుట్టింది మా ఆట. పంటు మీద మోటార్ సైకిళ్లు, కొబ్బరికాయల ఆటో, పెళ్లివాళ్ల జీపు, వీటి మధ్య ఒక మేక. పంటు ఒక పక్కకి ఒరిగిపోకుండా అన్నిటినీ సర్ది అవతలి గట్టుకి చేర్చాలి. తమ్ముడు (బాబాయి కొడుకు), నేను, కాలేజీ స్నేహితులు ఇద్దరు కలిసి రెండేళ్లపాటు రాత్రుళ్లు కూర్చుని చేశాం. అంతవరకూ బాగానే ఉంది. కానీ పంటు నడిపేవాడిగా పెట్టుకున్నది మాత్రం ఒక పేరున్న విదేశీ ఆటలోని హీరోని. చిన్నప్పటినుంచీ వాడంటే మాకు పిచ్చి. వాడి వేషం, వాడి గంతు, వాడి పాట అన్నీ తెచ్చి గోదాట్లో దింపాం. ఇలా వేరేవాళ్ల ఆటలోని పాత్రలతో అభిమానులు చేసుకునేదే ఫ్యాన్ గేమ్.

ఆటని ఫ్రీగా నెట్‌లో పెట్టిన పంతొమ్మిదో రోజు పొద్దున్నే కాపీరైట్ నోటీసు మెయిల్లో వచ్చింది. చూసేసరికి పేజీ లేదు. మెయిల్‌ని ప్రింటు తీయించి భీమవరంలో తెలిసిన ప్లీడరు గారి దగ్గరికి పరిగెత్తాం. "మేం రూపాయి కూడా తీసుకోలేదండీ" అన్నాడు తమ్ముడు. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని, "ఆయ్, ఫ్రీగా ఇచ్చారు, బానే ఉంది బాబూ. ఇచ్చింది మీదేనా?" అన్నారు.

ఆ రోజు మాకు తెలియనివి, ఆ తర్వాత కిందా మీదా పడి నేర్చుకున్నవి ఇక్కడ వరసగా రాస్తున్నాను. నేను లాయర్ని కాదు. మీ చేతిలో ఇప్పటికే నోటీసు ఉంటే ముందు చివరి అడుగు చదివి, తర్వాత వకీలు దగ్గరికి వెళ్లండి.

అడుగు 1: "ఫ్రీయే కదా" అనే మాటని తూకం వేయండి

మా వైపు సినిమా హీరో పుట్టినరోజు వస్తే సెంటర్లో ఆకాశం కనపడదు, అన్నీ ఫ్లెక్సీలే. ఆ ఫొటో ఎవరు తీశారు, దాని హక్కులు ఎవరివి అని అడిగిన నాథుడు ఉండడు. ఆ గాలిలో పెరిగినవాళ్లం కాబట్టి అభిమానంతో చేసే పనికి అనుమతి ఏమిటి అనిపిస్తుంది. ఫ్లెక్సీ వారంలో చిరిగిపోతుంది, ఊరు దాటదు. గేమ్ అలా కాదు. అప్‌లోడ్ నొక్కిన క్షణం నుంచి టోక్యోలో కూర్చున్నవాడికీ కనపడుతుంది.

చట్టం ఏమంటుందో చూద్దాం. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, 1958 జనవరి 21 నుంచి అమల్లో ఉంది, 2012లో పెద్ద సవరణలు జరిగాయి. ఒక రచనని నకలు తీయడం, మార్చి ఇంకో రూపంలోకి తేవడం, జనానికి అందించడం యజమాని హక్కులని 14వ సెక్షన్ చెబుతుంది. అనుమతి లేకుండా ఆ పనులు చేస్తే ఉల్లంఘన అని 51వ సెక్షన్ చెబుతుంది. డబ్బు తీసుకుంటేనే తప్పు అని అక్కడ ఎక్కడా లేదు. 52వ సెక్షన్‌లో మినహాయింపుల చిట్టా ఉంది: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, ఇలా. అందులో ఫ్యాన్ గేమ్ అనే మాట లేదు. కంప్యూటర్ ప్రోగ్రాములకైతే సొంత వాడకమనే మినహాయింపు, సక్రమంగా తెచ్చుకున్న కాపీని వ్యాపారం లేకుండా సొంతానికి వాడుకోవడం వరకే. పోనీ బొమ్మలకీ పాటలకీ వర్తిస్తుందనుకున్నా, ప్రపంచమంతా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టాక అది సొంత వాడకం ఎలా అవుతుంది?

మరి ఫ్రీగా ఇవ్వడానికి చట్టంలో విలువే లేదా అంటే, ఉంది. కానీ మనం అనుకునే చోట లేదు. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా అని 63వ సెక్షన్. వ్యాపార లాభం కోసం చేయలేదని తేలితే, తగిన కారణాలు రాసి కోర్టు ఆ శిక్షని తగ్గించవచ్చు. అంటే ఫ్రీ అనే మాట శిక్ష దగ్గర పనికొస్తుంది, తప్పు జరిగిందా లేదా అన్న దగ్గర పనికిరాదు. ఈ నేరంలో పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చనీ, ఇది నాన్ బెయిలబుల్ అనీ 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇది చదివి టెన్షన్ పడకండి, ఫ్యాన్ గేమ్ చేసిన కుర్రాళ్లకి మామూలుగా ఎదురయ్యేది టేక్‌డౌన్ నోటీసే, అంటే ఆటని సైట్ నుంచి తీసేయమనే నోటీసు. కాకపోతే కాగితం మీద ఎంత బరువుందో తెలిసి దిగడం వేరు, తెలియక దిగడం వేరు.

అమెరికాలో ఫెయిర్ యూజ్ అని ఉంది కదా అంటారు. మనం ఆటలు పెట్టే సైట్లు చాలావరకు అక్కడివే కాబట్టి ఆ ప్రశ్న సబబే. అక్కడి కోర్టు నాలుగు విషయాలు చూస్తుంది: ఎందుకు వాడారు, వాడినది ఎలాంటి రచన, ఎంత వాడారు, అసలుదాని మార్కెట్‌కి దెబ్బా. వ్యాపారమా కాదా అన్నది మొదటి ప్రశ్నలో ఒక ముక్క మాత్రమే. పైగా అది కోర్టుకెక్కాక వాదించుకునే సంగతి. "ఇది ఫెయిర్ యూజ్" అని పేజీ కింద రాసుకున్నంత మాత్రాన ఎవరూ ఆగరు.

ఇంకొకటి. చాలా ఫ్రీ ఆటలు మెల్లగా ఫ్రీ కాకుండా పోతాయి. టీ ఖర్చులకని యూపీఐ క్యూఆర్ కోడ్, యాప్‌లో చిన్న యాడ్, నెలనెలా చందా ఇచ్చేవాళ్లకి ముందుగా బీటా. వీటిలో ఏది ఉన్నా "లాభం కోసం కాదు" అనే ఆ ఒక్క మెతక వాదన కూడా చేజారుతుంది. ఫ్యాన్ గేమ్ పేజీలో విరాళాల బటన్ పెట్టకండి.

అడుగు 2: ఆటని విప్పి పట్టీ రాయండి

ఈ పని మేం చివర్లో చేశాం, చేయాల్సింది మొదట్లో. ఒక ఎక్సెల్ షీటు తెరిచి ఆటలో ఉన్న ప్రతి వస్తువునీ ఒక వరసలో రాయండి. ఐదు గడులు చాలు: వస్తువు, ఎక్కడిది, ఎవరిది, ఏ లైసెన్స్ మీద, తీసేయాల్సి వస్తే బదులు ఏమిటి.

మా షీటులో కొన్ని వరసలు ఇలా ఉన్నాయి. పంటు బొమ్మ: తమ్ముడు గీసింది, మాదే. నీళ్ల కదలిక కోడ్: మాదే. హీరో బొమ్మలు: అసలు ఆటలోంచి తీసి రంగు మార్చినవి, కంపెనీవి. పైనున్న మేఘాలు: నెట్‌లో ఎక్కడో దొరికినవి, ఎవరివో తెలియదు. గెలిచినప్పుడు మోగే నాదస్వరం: మా ఊరి తీర్థంలో ఫోన్లో రికార్డు చేసింది. మాదే అనుకున్నాం. తీరా విన్నాక తెలిసింది, ఆయన వాయిస్తున్నది ఒక సినిమా పాట. రికార్డింగ్ మా ఫోన్లోదే కావచ్చు, బాణీ సంగీత దర్శకుడిది.

"ఎవరివో తెలియదు" అని రాయాల్సి వచ్చిన ప్రతి వస్తువునీ ఆ రోజే తీసేయండి. మిగతావన్నీ తర్కంతో తేల్చుకోవచ్చు, అది మాత్రం కుదరదు.

అడుగు 3: ఏది ఊరుమ్మడి, ఏది కంచె లోపలిది

కాపీరైట్ ఆలోచనకి ఉండదు, ఆ ఆలోచనని చెప్పిన తీరుకి ఉంటుంది. మన సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో ఈ మాట తేల్చింది. ఒక నాటకాన్ని కాపీ కొట్టి సినిమా తీశారని నాటక రచయిత దావా వేశాడు. రెండిటికీ ప్రాంతీయాభిమానమే వస్తువు అయినా, చెప్పిన తీరు వేరని రచయిత ఓడిపోయాడు. రెండూ చూసిన మామూలు ప్రేక్షకుడికి ఇది దాని నకలే అని కచ్చితంగా అనిపించిందా అన్నదే అక్కడ పెట్టిన గీటురాయి.

ఆటల్లో ఇది బాగా పనికొచ్చే సూత్రం. గెంతడం, నాణేలు ఏరడం, పైనుంచి పడే దిమ్మల్ని పేర్చడం, చివర్లో పెద్ద రాక్షసుడు, ఇవన్నీ ఊరుమ్మడి చెరువులాంటివి. ఎవరైనా దిగవచ్చు. పాత్ర రూపం, దాని పేరు, స్క్రీన్ మీద అమరిక, రాసిన కథ, మాటలు, సంగీతం, కోడ్, ఇవి కంచె లోపలివి. అమెరికాలో 2012లో టెట్రిస్ వాళ్లకీ ఎక్సియో అనే కంపెనీకీ జరిగిన కేసు చదివితే గీత ఎక్కడుందో అర్థమవుతుంది. ఎక్సియో వాళ్లు నియమాలే తీసుకున్నామన్నారు. నియమాలకి కాపీరైట్ లేదని కోర్టూ ఒప్పుకుంది. కానీ దిమ్మల తీరు, గడుల కొలత, తర్వాతి దిమ్మ కనపడే పద్ధతి అన్నీ అచ్చుగుద్దినట్టు ఉండేసరికి ఎక్సియో ఓడిపోయింది.

మా పంటు ఆటలో బరువు సర్దడమనే ఆట పూర్తిగా మాదే. దాన్ని ఇంకెవరైనా తీసుకుని చేసుకోవచ్చు కూడా. మాకు తంటా తెచ్చింది పంటు కాదు, దాని మీద నిలబెట్టిన మనిషి.

బొమ్మలో కాస్త మార్పు చేస్తే, ఇరవై శాతమో ముప్పై శాతమో మారిస్తే చాలనే లెక్క ఒకటి తిరుగుతుంటుంది. అలాంటి శాతం ఏ చట్టంలోనూ లేదు. హీరోకి పంచె కట్టినా వాడు వాడేనని పదేళ్ల పిల్లాడు గుర్తుపట్టాడంటే మీ మార్పు సరిపోలేదు.

విదేశీ ఆట కదా, మన దేశంలో దాని హక్కు చెల్లుతుందా అని కూడా అడుగుతుంటారు. చెల్లుతుంది. బెర్న్ ఒప్పందంలో మనమూ ఉన్నాం, జపాన్, అమెరికా కూడా ఉన్నాయి. అక్కడి రచనలకి ఇక్కడ రక్షణ, ఇక్కడివాటికి అక్కడ.

అడుగు 4: యజమాని స్వభావం ఏమిటో చూడండి

డెల్టాలో కౌలు చేసినవాళ్లకి ఇది వెంటనే ఎక్కుతుంది. నోటి కౌలు మీద చేను చేస్తుంటే యజమాని గట్టు మీద నిలబడి "బాగా పండించావురా" అంటాడు. అది కాగితం కాదు. రేపు ఆ పొలం చెరువు తవ్వకానికి ఇచ్చినా, తనే సాగు చేసుకుంటానన్నా నాట్లు వేసినవాడు చూస్తూ నిలబడాలి. ఫ్యాన్ గేమ్‌లని చూసీచూడనట్టు వదిలే కంపెనీలన్నీ ఆ గట్టు మీది యజమానులే.

2016 ఆగస్టులో జరిగిన సంగతులు చూడండి. జపాన్ కంపెనీ నింటెండో వాళ్ల మెట్రాయిడ్ రెండో ఆటని మిల్టన్ గ్వాస్తీ అనే అభిమాని దాదాపు పదేళ్లు కష్టపడి కొత్తగా చేసి ఫ్రీగా విడుదల చేశాడు. రోజుల్లోనే నింటెండో తరఫు నోటీసులతో డౌన్‌లోడ్లు పోయాయి. ఏడాది తిరిగి 2017 సెప్టెంబరులో అదే ఆటకి నింటెండో సొంత రీమేక్ వచ్చింది. చూశారా, యజమాని అదే పొలంలో అదే పంట వేసే ఆలోచనలో ఉన్నాడు. అదే ఆగస్టులో తొమ్మిదేళ్లు పట్టిన పోకెమాన్ యురేనియం అనే ఫ్యాన్ గేమ్ ఫ్రీగా వచ్చి, పదిహేను లక్షల డౌన్‌లోడ్లు దాటాక ఆగిపోయింది. అందుకే నా అభిప్రాయం: పాత ఆటకి రీమేక్ చేయడం ఫ్యాన్ గేమ్‌లన్నిటిలోకీ ఎక్కువ ప్రమాదం. అది నేరుగా యజమాని అమ్ముకోగల సరుకుతో పోటీ.

అందరూ అలాగే ఉండరు. వాల్వ్ కంపెనీ ఆట హాఫ్ లైఫ్‌కి అభిమానులు చేసిన బ్లాక్ మీసా 2012లో ఫ్రీగా వచ్చింది. తర్వాత దాన్ని అమ్ముకోవడానికి వాల్వ్ ఒప్పుకుంది, 2020లో పూర్తి ఆటగా వచ్చింది. సోనిక్ అభిమాన ఆటలు చేసిన కుర్రాళ్లనే సోనిక్ యజమాని సేగా పిలిచి 2017లో సోనిక్ మేనియా చేయించుకుంది. కానీ అదే సేగా 2011లో, ఎనిమిదేళ్లు పట్టిన స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ రీమేక్‌ని ఆపించింది. కాబట్టి "ఆ కంపెనీ మంచిది" అనే మాట మీద రెండేళ్ల పని పెట్టకండి. జపాన్‌లో టోహో ఆటలు చేసిన జున్‌లాగా, అభిమానులు ఏం చేయవచ్చో ఏం చేయకూడదో రాసి పెట్టినవాళ్లు ఉన్నారు. అలా రాసిన నియమాలు ఉన్న ఆటని ఎంచుకోవడం అన్నిటికంటే తెలివైన పని.

ఆ నియమాలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త. చాలా కంపెనీల పేజీలో ఉండేది ఆట ఆడుతూ వీడియోలు పెట్టుకోవడానికి అనుమతి. ఆట తయారుచేయడానికి కాదు. మేం చదివి మురిసిపోయింది సరిగ్గా అలాంటి పేజీనే.

అడుగు 5: అనుమతి అడగడం

అడిగితే కాదంటారేమో, అడక్కుండా ఉంటే కనపడం కదా అనే వాదన నాకు తెలుసు. పెద్ద విదేశీ కంపెనీల విషయంలో అందులో కొంత నిజమూ ఉంది, మామూలుగా జవాబే రాదు. జవాబు రాకపోవడం ఒప్పుకోవడం కాదు, అంతే. చిన్న స్టూడియో అయితే, ఇద్దరు ముగ్గురు కలిసి చేసిన ఆట అయితే, అడగండి. వాళ్లు మనలాంటివాళ్లే.

మెయిల్ ఒక పేజీ దాటకూడదు. మేమెవరం, ఏ ఆటలోంచి ఏమేం వాడుకుంటాం, ఆట ఎంతసేపు ఉంటుంది, ఎక్కడ పెడతాం, యాడ్‌లు గానీ విరాళాలు గానీ ఉండవు, మీరు ఎప్పుడు చెప్పినా ఇన్ని రోజుల్లో తీసేస్తాం. దీనితోపాటు రెండు నిమిషాల వీడియో. లైసెన్స్ రాతపూర్వకంగా ఉండాలని మన చట్టం 30వ సెక్షన్ చెబుతుంది కాబట్టి ఫోన్లో "కానివ్వండి బాబూ" అంటే సంతోషించి, ఆ మాటే మెయిల్లో పంపమని మర్యాదగా అడగండి.

తెలుగు సినిమా మీద ఆట చేద్దామనుకునేవాళ్లకి ఇక్కడ పని నాలుగింతలు. సినిమా హక్కులు నిర్మాతవి, పాటల రికార్డింగ్ తరచు ఆడియో కంపెనీ చేతిలో ఉంటుంది, సాహిత్యం, బాణీ వేరు, పేరుకి ట్రేడ్‌మార్క్ ఉండవచ్చు. ఇవన్నీ కాక హీరో ముఖం ఉంది. తమ పేరు, ముఖం, గొంతు అనుమతి లేకుండా వాడకూడదని అమితాబ్ బచ్చన్ 2022లో, అనిల్ కపూర్ 2023లో ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. 2015లోనే రజనీకాంత్ మద్రాసు హైకోర్టులో గెలిచారు. నిర్మాత సరేనన్నా హీరో ముఖం ఆయన ఇచ్చే వస్తువు కాకపోవచ్చు.

అడుగు 6: పాత సరుకు వాడేటప్పుడు లెక్క వేసుకోండి

రచయిత చనిపోయిన ఏడాదికి 60 కలపండి. ఆ ఏడాది డిసెంబరు 31 దాటితే మన దేశంలో ఆ రచన అందరిదీ. మన గోదావరి వాళ్లతోనే చూద్దాం. రాజమహేంద్రవరం కందుకూరి వీరేశలింగం 1919లో పోయారు, ఆయన కథలు ఎప్పుడో స్వేచ్ఛగా వాడుకోవచ్చు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2022 నుంచి స్వేచ్ఛ. దేవులపల్లి కృష్ణశాస్త్రి 1980లో పోయారు కాబట్టి 2040 చివరిదాకా ఆగాలి. ఒక రచన రచయిత పోయాక తొలిసారి అచ్చయితే లెక్క అచ్చయిన ఏడాది నుంచి. అమెరికాలో పాత పుస్తకాలకి చాలావరకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క. మీ ఆట అక్కడి సర్వర్లో ఉంటుంది గనక వీలైనంత పాతవే తీసుకోండి.

సినిమాలకి విడుదలైన ఏడాది నుంచి 60. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. గోదావరి మీద పడవవాడి కథ మూగమనసులు 1964లో వచ్చింది. సినిమాగా దాని గడువు 2024తో ముగిసింది. అమ్మయ్య అని పాట తీసి ఆటలో పెట్టేయకండి. అందులో పాటలు రాసిన ఆత్రేయ 1989లో పోయారు, ఆయన సాహిత్యానికి 2049 చివరిదాకా రక్షణ ఉంది. సంగీతం చేసిన కె.వి. మహదేవన్ 2001లో పోయారు, ఆ బాణీలకి 2061 దాకా. ఒకే సినిమాలో మూడు గడువులు. పాత బుర్రకథ క్యాసెట్టు కూడా అంతే. కథ అందరిదే అయినా, గొంతు రికార్డు చేసిన ఆ టేపు మాత్రం 60 ఏళ్లపాటు దాని యజమానిది.

ఆనకట్టలు, వంతెనలు, కూడళ్లలో శాశ్వతంగా నిలబెట్టిన విగ్రహాలు గీయడానికీ ఫొటో తీయడానికీ 52వ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. ధవళేశ్వరం బ్యారేజీని బ్యాక్‌గ్రౌండ్‌లో గీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. ఆత్రేయపురం పూతరేకులకి జీఐ (ఆ ఊరి సరుకనే భౌగోళిక) గుర్తింపు ఉంది కదా, ఆటలో పెట్టవచ్చా అని మా వాడొకడు అడిగాడు. జీఐ పూతరేకులు అమ్ముకునేవాళ్ల సంగతి. మీ హీరో తింటే నష్టం లేదు.

నెట్‌లో దొరికే ఉచిత బొమ్మలు, శబ్దాల విషయంలో "ఉచితం" అన్న మాట కాదు, లైసెన్స్ పేరు చూడండి. సీసీ అంటే క్రియేటివ్ కామన్స్, అందరూ వాడుకునేలా ఇచ్చే లైసెన్స్‌లు. సీసీ జీరో అయితే ఏ షరతూ లేదు. సీసీ బై అయితే చేసినవాడి పేరు వేయాలి. ఎన్‌సీ అని ఉంటే వ్యాపారానికి కుదరదు, రేపు మీ ఆట సొంత ఆటై అమ్ముదామంటే అదే గుదిబండ. ఎస్‌ఏ అని ఉంటే మీరు మార్చినదాన్నీ అదే షరతు మీద పంచాలి. తెలుగు అక్షరాలకి గూగుల్ ఫాంట్స్‌లోని మండలి, రామభద్ర లాంటివి ఓపెన్ ఫాంట్ లైసెన్స్ మీద ఉన్నాయి, ధైర్యంగా వాడుకోండి. ఫ్లెక్సీ షాపులో పెన్‌డ్రైవ్ మీద ఎక్కించుకొచ్చిన ఫాంట్లు వద్దు.

అడుగు 7: అసలు ఆట ఫైళ్లు మీ జిప్‌లో ఉండకూడదు

పాత ఆటని మార్చి చేసేవాళ్లు మొత్తం రోమ్‌ని (అసలు ఆట అంతా ఉన్న ఫైల్‌ని) పంచకుండా, తేడాలు మాత్రమే ఉన్న ప్యాచ్ ఇస్తారు. అసలు ఆట కొనుక్కున్నవాడే దాన్ని అతికించుకుని ఆడాలి. ప్రమాదం తగ్గుతుంది, పోదు. పోకెమాన్ ప్రిజం అనే మార్పు ఆట 2016 డిసెంబరులో విడుదలకి నాలుగు రోజుల ముందు లీగల్ నోటీసుతో ఆగింది. ఎనిమిదేళ్ల పని. ఆట తాళం పగలగొట్టి ఫైళ్లు తీయడం ఇంకో తంటా: ఉల్లంఘన ఉద్దేశంతో సాంకేతిక రక్షణని ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలని 65ఏ సెక్షన్.

వాడే లైబ్రరీలు, అంటే ఇతరులు రాసిపెట్టిన కోడ్ కూడా చూడండి. 2024 జనవరిలో పోర్టల్ 64 అనే ఫ్యాన్ ఆటని వాల్వ్ ఆపమంది. పోర్టల్ వాల్వ్‌దే, కానీ ఆ ఆట నింటెండో సొంత లైబ్రరీల మీద కట్టింది కావడమే చిక్కయింది. ఇక్కడ అడ్డొచ్చింది పొలం కాదు, పక్క పొలం నుంచి తెచ్చుకున్న నాగలి. ఎవరైనా వాడుకునేలా ఎంఐటీ లైసెన్స్ మీద ఇచ్చిన గోడో లాంటి గేమ్ ఇంజిన్ (ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడితే ఈ బాధ లేదు.

ఫోల్డర్లు మొదటి రోజే రెండుగా పెట్టుకోండి. ఒకదానిలో మీ కోడ్, మీ బొమ్మలు. రెండోదానిలో అరువు తెచ్చినవన్నీ. పాత్ర పేరు కోడ్‌లో వంద చోట్ల రాయకుండా ఒకే ఫైల్లో పెట్టండి. మేం అలా పెట్టలేదు. తర్వాత ఆ పేర్లు ఏరడానికే మాకు ఒక వేసవి పట్టింది.

అడుగు 8: స్నేహితులతో కాగితం

దీని గురించి ఎక్కువ చెప్పను. బొమ్మ గీసినవాడిదే బొమ్మ, కోడ్ రాసినవాడిదే కోడ్. హక్కు బదిలీ సంతకంతో రాతలో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లే అని 19వ సెక్షన్. గొడవ పడకముందే ఒక తెల్లకాగితం మీద రాసుకుని నలుగురూ సంతకాలు పెట్టండి.

అడుగు 9: పేరు, విడుదల

ఆట పేరులో వాళ్ల ఆట పేరు పెట్టకండి. లోగో అక్షరాల తీరు కూడా వద్దు. అది కాపీరైట్ కాదు, 1999 ట్రేడ్‌మార్క్ చట్టం కిందికొచ్చే వేరే గొడవ. జనం దీన్ని వాళ్లదే అనుకుంటారా అన్నదే అక్కడి ప్రశ్న. "ఇది అభిమానులు చేసింది, ఆ కంపెనీకి సంబంధం లేదు" అని పేజీ పైనే, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాస్తే ఆ గందరగోళం కొంత తగ్గుతుంది. కాపీరైట్‌కి మాత్రం ఆ వాక్యం ఏ రకంగానూ అడ్డుపడదు. "ఉల్లంఘించే ఉద్దేశం మాకు లేదు" అని రాయడం, చెప్పుల షాపులో జత వేసుకుని దొంగతనం ఉద్దేశం లేదండీ అనడంలాంటిది.

అడుగు 10: నోటీసు వచ్చింది, ఇప్పుడేంటి

ముందు మంచినీళ్లు తాగండి. తర్వాత మెయిల్ నిజమైనదేనా చూడండి: పంపిన చిరునామా, ఏ వస్తువు మీద ఫిర్యాదు, ఎవరి తరఫున. నిజమైతే ఆటని ఆ రోజే దించేయండి. మీ కంప్యూటర్లో ఉన్న కోడ్‌ని మాత్రం భయపడి తుడిచేయకండి. మా స్నేహితుడు కంగారులో మొత్తం డిలీట్ కొట్టాడు, మాదే అయిన పంటు కోడ్‌తో సహా. తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌లో కాపీ ఉండబట్టి బతికాం.

పేరు మార్చి ఇంకో సైట్‌లో పెట్టకండి, వాట్సాప్ గ్రూపుల్లో ఏపీకే తిప్పకండి. తెలియక చేశామని చెప్పుకునే వీలు నోటీసు చేతికొచ్చాక ఉండదు. రెండు వాక్యాల జవాబు చాలు: మీ నోటీసు అందింది, ఫలానా తేదీన తీసేశాం. వాదనలు, అభిమాన కథలు రాయొద్దు.

అమెరికా సైట్లలో కౌంటర్ నోటీసు అనే దారి ఉంది. అది పంపాక యజమాని దావా వేయకపోతే 10 నుంచి 14 పని దినాల్లో పేజీ తిరిగి పెట్టవచ్చు. కానీ పొరపాటున తీసేశారని ప్రమాణపూర్వకంగా చెప్పాలి, అక్కడి కోర్టు అధికారానికీ ఒప్పుకోవాలి. అన్నీ మీవే అయిన ఆటని తప్పుగా తీయించినప్పుడు మాత్రమే వాడండి. మన దేశంలో అయితే ఫిర్యాదు అందిన 36 గంటల్లో సైట్ వాళ్లు లింకు ఆపాలి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తేకపోతే మళ్లీ తెరవవచ్చు. ఆధారం లేకుండా ఊరికే బెదిరించేవాళ్ల మీద 60వ సెక్షన్ కింద మీరే దావా వేయవచ్చు.

కోర్టు కాగితం వస్తే మాత్రం వకీలు లేకుండా ఒక్క అక్షరం రాయకండి. ఫీజుకి భయపడేవాళ్లకి ఒక మాట: మహిళలకీ, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకీ, ఎస్సీ, ఎస్టీలకీ, ఆదాయ పరిమితిలోపు వాళ్లకీ 1987 చట్టం కింద ఉచిత న్యాయ సహాయం ఉంది. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి.

మేం చేసింది ఇది. షీటు తీసి కంపెనీవి అని ఉన్న వరసలన్నీ కొట్టేశాం. మిగిలినదాన్ని చూస్తే ఆటలో ముప్పాతిక వంతు మాదే. హీరో చోట తలకి తువ్వాలు చుట్టుకుని, నోట్లో వేపపుల్లతో ఒక మావయ్యని నిలబెట్టాడు తమ్ముడు. నాదస్వరం తీసేసి పంటు హారన్ పెడదామని మళ్లీ రేవుకి వెళ్లాం. పంటు నడిపే ఆయన్ని అడిగాను, "బాబాయ్, మీ హారను రికార్డు చేసుకుని మా ఆటలో పెట్టుకుంటాం, పర్లేదా?" అని. ఆయన నవ్వి, "హారనుకి కూడా అడుగుతారేంటండీ" అని మూడుసార్లు కొట్టాడు. మూడోదానికి మేక అరిచింది. షీటులో ఆ వరస ఎదురుగా "మాదే, అడిగి తీసుకున్నది" అని రాసి, మేకని కూడా ఉంచేశాం.